బొమ్మ వెనకాల నేల

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే దారిలో చైతన్యపురి దగ్గర, కాలనీల వెనకాల, మూసీ ఒడ్డున ఒక గుట్ట ఉంది. కొసగుండ్ల నరసింహస్వామి గుడి అక్కడే. ఆ గుట్ట బండ మీద విష్ణుకుండిన రాజు గోవిందవర్మ కాలపు శాసనం ఉంది. ప్రాకృత భాష, బ్రాహ్మీ లిపి, సుమారు 5వ శతాబ్దిది. ఒక బౌద్ధ విహారం సంగతి అందులో ఉంది. హైదరాబాదు పరిసరాల్లో దొరికిన అతి పాత రాతల్లో అదొకటి. పదిహేను వందల ఏళ్ల కింద ఆ బండను చూసినవాళ్లకు దాని మీద రాయాలనిపించింది. ఆ బండనే బొమ్మగా గీయాలని ఆ తర్వాత ఎంతమందికి అనిపించింది?

తెలుగు చిత్రకళ గురించి మాట్లాడినప్పుడల్లా ఒక చర్చ వస్తుంది. మన సంప్రదాయాన్నీ పడమటి పద్ధతినీ ఎవరు ఎలా కలిపారు? జవాబుగా వచ్చే ఉదాహరణలన్నీ మనుషుల బొమ్మలే. దామెర్ల రామారావు గీసిన స్త్రీలు, కాపు రాజయ్య బోనాలు, బతుకమ్మలు, తోట వైకుంఠం చిత్రాల్లో నిండు బొట్లు పెట్టుకున్న తెలంగాణ ఆడవాళ్లు. ఇవన్నీ గొప్పవే. కానీ ఈ కలయికకు అసలు పరీక్ష మనిషి ముఖంలో కాదు, ప్రకృతి చిత్రంలో ఉంటుంది. మనిషి బొమ్మలో చీర, బొట్టు, గాజులు చూడగానే ఇది మనది అని తెలిసిపోతుంది. ఒక గుట్టనో చెరువునో గీసినప్పుడు అలాంటి గుర్తులేవీ అక్కరకు రావు. రేఖ ఎలా నడిచింది, దూరాన్ని ఎలా చూపించారు, వెలుగును ఎక్కడ ఆపారు అన్నదే చిత్రాన్ని మనదో కాదో తేలుస్తుంది. ఆ పరీక్షకు నిలబడిన తెలుగు చిత్రకారులు కొద్దిమందే. వాళ్ల గురించి కలిపి చెప్పుకోవడం ఇంకా తక్కువ.

చైనాలో సంగతి తలకిందులు. అక్కడ వెయ్యేళ్లకు పైగా చిత్రకళలో పెద్దపీట కొండలకూ నీళ్లకూ దక్కింది. 11వ శతాబ్దిలో గువో షీ అనే చిత్రకారుడు కొండను చూసే పద్ధతులను మూడు దూరాలుగా విడదీశాడు. కింద నిలబడి శిఖరం వైపు చూసేది ఒకటి, ముందు నుంచి కొండల వెనక కొండలను తొంగి చూసేది ఇంకొకటి, దగ్గరి గుట్ట మీద నుంచి దూరపు కొండల వైపు చూపు సాగదీసేది మూడోది. ఈ మూడూ ఒకే చిత్రంలో ఉండొచ్చు, ఎందుకంటే చూసేవాడు నడుస్తూ ఉంటాడు. యూరప్ పర్‌స్పెక్టివ్‌లో చూసేవాడు ఒకచోట ఒంటికన్నుతో నిలబడిపోతాడు. 20వ శతాబ్దిలో చైనా యువకులు పారిస్ వెళ్లి ఆ పద్ధతి నేర్చుకుని వచ్చినప్పుడు గొడవంతా ప్రకృతి చిత్రం మీదే పడింది.

ఆ గొడవను జీవితమంతా మోసినవాడు వూ గ్వాన్‌జోంగ్ (1919–2010). హాంగ్‌జౌలో లిన్ ఫెంగ్‌మియన్ శిష్యుడు. 1947లో పారిస్ వెళ్లి 1950లో తిరిగి వచ్చాడు. నగ్నచిత్రాలు, ఆకృతి అంటూ పాఠాలు చెబుతున్నాడని విమర్శలు మొదలైతే మనుషుల బొమ్మలు వదిలి ప్రకృతి వైపు మళ్లాడు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో తన పాత చిత్రాలను తానే నాశనం చేసుకున్నాడు. 1970లో హెబెయ్ రాష్ట్రంలో ఒక పల్లెకు కూలిపనికి పంపారు. కొన్నాళ్లకు సెలవు రోజుల్లో బొమ్మలు వేసుకోవచ్చన్నారు. ఈజిల్ లేదు. పేడ ఎత్తే గంపనే ఈజిల్‌గా పెట్టుకుని గీశాడు. 1970ల నడుమ నుంచి తైలవర్ణాలతో పాటు సిరా, పలుచని చైనా కాగితం పట్టుకున్నాడు. తెల్లగోడలు, నల్లపెంకులు, కాలువలు, చుక్కలు, తీగల్లా సాగే రేఖలు. చూస్తే ఆధునిక యూరప్ చిత్రమూ అనిపిస్తుంది, పాత చైనా చుట్టపటమూ అనిపిస్తుంది. 1992లో బ్రిటిష్ మ్యూజియం ఆయన ప్రదర్శన పెట్టింది. బతికున్న చైనా చిత్రకారుడికి అక్కడ అలాంటి గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఆయన పట్టుదల ఒక్కటే. కుంచెపని సొగసుకు విడిగా విలువ లేదు, ఎదుటి దృశ్యం ఏది అడిగితే అదే పద్ధతి. ఈ మాట అన్నందుకు చైనాలో పెద్ద రభసే జరిగింది. తెలుగు చిత్రాలను చూడటానికి కూడా ఇంతకంటే మంచి కొలబద్ద లేదు.

మరి మన పాత చిత్రాల్లో నేల ఎక్కడుంది? చేర్యాల పటం తీసుకుందాం. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూసి, ఆరబెట్టి, దాని మీద నకాషీ చిత్రకారులు బొమ్మలు వేస్తారు. వెనకంతా ఎర్రరంగు. కాకిపడగలవాళ్లు, కూనపులివాళ్లు, గౌడజెట్టివాళ్లు ఆ పటాన్ని ఊళ్లో కట్టి, చుట్ట విప్పుతూ రాత్రంతా కథ చెబుతారు. చైనా చుట్టపటం కూడా ఇలాగే కొద్దికొద్దిగా విప్పి చూసేదే. కానీ అక్కడ చుట్ట విప్పితే కొండలు, వాగులు సాగుతాయి. ఇక్కడ చుట్ట విప్పితే కులపురాణం సాగుతుంది, మడేలయ్య కథో మార్కండేయుడి కథో. చెట్టు వచ్చిందంటే ఆ ఘట్టం అడవిలో జరిగిందని గుర్తు. అంతకు మించి దానికి పనిలేదు. ఇది లోటు కాదు. పటం చేసే పని వేరు. అయితే ప్రకృతి చిత్రం వేయదలచినవాడికి పటం ఇవ్వగలిగేది కొండ బొమ్మ కాదు, నడుస్తూ చూసే చూపు. ఈ సంగతిని మన ఆధునికులు పెద్దగా పట్టించుకోలేదు.

కుతుబ్ షాహీల, ఆదిల్ షాహీల కాలపు దక్కనీ చిత్రాల్లో మాత్రం రాళ్లు కనిపిస్తాయి. గులాబీ, ఊదా, లేత నీలం రంగుల్లో, పగడపు దిబ్బల్లా మెలితిరిగి ఉంటాయి. ఈ రాళ్లు గోలకొండ చుట్టూ ఉన్న గుండ్లను చూసి గీసినవి కావు. పారశీక చిత్రాల నుంచి వచ్చినవి. పారశీకంలోకి ఆ మెలికల రాళ్లు, ఆ మబ్బుల తీరు మంగోలుల ఏలుబడిలో 13, 14 శతాబ్దాల్లో చైనా నుంచి వచ్చాయి. అంటే చైనా కొండలు ఇరాన్ దాటి గోలకొండ దర్బారు దాకా ఎప్పుడో చేరాయి. సంప్రదాయం అనే స్వచ్ఛమైన సరుకు ఒకవైపు, పడమటి పద్ధతి ఇంకోవైపు ఉన్నట్టు మాట్లాడేవాళ్లు ఈ ప్రయాణాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఎదురుగా ఉన్న తెలుగు నేలను చూసి గీయాలన్న పట్టుదల ఆధునిక చిత్రకళలో గట్టిగా కనిపించేది రాజమండ్రిలో. అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు, గోదావరి అంటే ప్రాణం. కుర్రవాడైన దామెర్ల రామారావులోని చెయ్యిని గుర్తించి 1916లో బొంబాయి జె.జె. కళాశాలకు పంపాడు. అక్కడ రామారావుకు పర్‌స్పెక్టివ్, వెలుగునీడలు, శరీర నిర్మాణం పద్ధతిగా అబ్బాయి. అజంతా చూసి వచ్చాక రేఖ అబ్బింది. ఋష్యశృంగుడి చిత్రానికి 1922లో కలకత్తాలో బహుమతి వచ్చింది. రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి, 28 ఏళ్లు నిండకుండానే పోయాడు.

రామారావు పేరు చెప్పగానే గుర్తొచ్చేవి పౌరాణిక ఘట్టాలు, పూలు అలంకరించుకునే స్త్రీలు. కానీ రాజమండ్రిలో ఆయన పేరుతో ఉన్న ఆర్ట్ గ్యాలరీకి వెళ్లినవాళ్లు చిన్న చిన్న నీటిరంగుల ప్రకృతి చిత్రాల ముందు ఎక్కువసేపు నిలబడాలి. గోదావరి, తూర్పు కనుమలు వాటిలో ఉన్నాయి. పెద్ద చిత్రాల్లో రామారావు రెండు సంప్రదాయాల మధ్య ఒప్పందం కుదురుస్తున్నట్టు ఉంటాడు. ముఖాలు ఒకవైపు, అలంకారం ఇంకోవైపు లాగుతుంటాయి. నది ముందు కూర్చున్నప్పుడు ఆ బేరం కనిపించదు. నీటిరంగుల పద్ధతి ఇంగ్లండుదే. కాని ఇంగ్లండు మసకవెలుతురుకు కట్టుబడిన పద్ధతితో గోదావరి మీది ఎండను పట్టాలంటే కాగితాన్ని ఖాళీగా వదలడం నేర్చుకోవాలి. ఎక్కడ ఏమీ వేయకూడదో తెలియడమే అక్కడ పనితనం. ఆయన ఇంకో పాతికేళ్లు బతికుంటే తెలుగు ప్రకృతి చిత్రానికి ఒక బడి ఏర్పడేదని నమ్మడానికి ఆ చిన్న కాగితాలే ఆధారం. పోలవరం జలాశయం నిండితే పాపికొండల నడుమ గోదావరి మట్టమే మారిపోతుంది. అప్పుడు ఆ చిత్రాలకు ఇంకో విలువ కూడా వస్తుంది.

అదే రోజుల్లో మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలోకి ఇంకో పద్ధతి వచ్చింది. ప్రమోద్ కుమార్ ఛటోపాధ్యాయ కలకత్తా నుంచి తెచ్చిన వాష్ పద్ధతి. రంగు వేయడం, కాగితాన్ని నీళ్లలో ముంచడం, మళ్లీ రంగు వేయడం. చిత్రమంతా పొగమంచులో ఉన్నట్టు ఏకమవుతుంది. అడివి బాపిరాజు ఆ బడిలోనే కుంచె పట్టాడు. ఈ వాష్‌ను చాలాకాలం అచ్చమైన భారతీయ పద్ధతి అని చెప్పుకున్నారు. నిజానికి 1903లో జపాన్ చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సో కలకత్తా వచ్చి ఠాగూర్ల ఇంట్లో ఉన్నప్పుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ వాళ్ల పనిని దగ్గరగా చూశాడు. ఇంగ్లిషు నీటిరంగులు, మొఘల్ సూక్ష్మచిత్రాలు, జపాన్ తడికుంచె కలిస్తే వాష్ అయింది.

ఆ పద్ధతి గొప్పదే, కాని దక్కను నేలకు సరిపడదు. బెంగాల్ గాలిలో తడి ఉంటుంది, దూరం కరిగిపోతుంది. మార్చి నెలలో తెలంగాణ గుట్ట దగ్గర గాలిలో తడి ఉండదు. బండ అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, నీడ నల్లగా పడుతుంది, మోదుగుపూలు మంటలా ఉంటాయి. దీన్ని పొగమంచులో ముంచితే కవిత్వం వస్తుందేమో గాని బండ మాయమవుతుంది. వాష్ బడి నుంచి పురాణ చిత్రాలు విరివిగా వచ్చి, గుర్తుండే తెలుగు ప్రకృతి చిత్రాలు రాకపోవడానికి ఇదొక కారణం.

తూర్పు ఆసియా నుంచి తడితో పాటు గట్టిదనాన్ని కూడా తీసుకోవచ్చని చూపించింది శాంతినికేతన్. అక్కడి చిత్రకళా గురువు నందలాల్ బోస్ 1924లో ఠాగూర్‌తో చైనా, జపాన్ వెళ్లి వచ్చాడు. 1937లో శాంతినికేతన్‌లో చీనా భవన్ వెలిసింది. 1939 చివర చైనా చిత్రకారుడు షు బెయ్‌హోంగ్ శాంతినికేతన్ చేరాడు. పారిస్‌లో చదివి, గుర్రాల బొమ్మలతో పేరు తెచ్చుకున్నవాడు. గాంధీని, ఠాగూర్‌ను చూసి గీశాడు. కొండను తవ్విపోసే ముసలివాడి కథను 1940లో భారతదేశంలో ఉండగానే పెద్ద చిత్రంగా వేశాడు. చైనా సిరా, యూరప్ శరీర నిర్మాణం, భారతీయ మనుషులు అందులో కలిశారు.

ఆ వాతావరణంలో నందలాల్ దగ్గర చదివిన తెలంగాణ బిడ్డ కొండపల్లి శేషగిరిరావు (1924–2012). ఓరుగల్లు ప్రాంతంలోని పెనుగొండలో పుట్టాడు. హైదరాబాదులో చిత్రకళ నేర్చుకుని, మెహదీ నవాజ్ జంగ్ ఆదరణతో శాంతినికేతన్ వెళ్లి వచ్చి, హైదరాబాదు లలితకళల కళాశాలలో దశాబ్దాల పాటు పాఠం చెప్పాడు. కాకతీయుల వైభవం, పోతన, శకుంతల, దమయంతి ఆయనకు జనంలో పేరు తెచ్చాయి. కాని ఆయన మమకారం పెంచుకున్న ఇంకో వస్తువు హైదరాబాదు బండలు. ఈ సమీక్షలో ఎక్కువసేపు ఆగాల్సిన చోటు ఇదే.

హైదరాబాదు గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. నేల లోతున చల్లారిన రాయిలో అడ్డంగా, నిలువుగా చీలికలు పడ్డాయి. వాటిలోకి నీరు ఇంకి, దిమ్మల మూలలు అరిగి గుండ్రనయ్యాయి. చుట్టూ మట్టి కొట్టుకుపోతే గుండు మీద గుండు నిలిచింది. ఎవరో పేర్చినట్టు కనిపించే ఆ గుండ్లు అసలు ఎక్కడి నుంచీ దొర్లి రాలేదు, ఉన్నచోటే ఉన్నాయి. వాటిని గీయడానికి వెలుగునీడలు చాలవు. అలా గీస్తే బంగాళాదుంపల్లా వస్తాయి. చైనావాళ్లు రాయికి చర్మం ఉందన్నట్టు గీస్తారు. రాయి స్వభావాన్ని బట్టి కుంచె గీతలు మారతాయి, ఒక్కో రకానికి ఒక్కో పేరు. గుండు బరువును నీడలో కాకుండా అంచు గీతలో, చీలిక నడకలో చూపించాలని అర్థం చేసుకుంటేనే దక్కను బండ కాగితం మీద నిలబడుతుంది. శేషగిరిరావు రేఖను నమ్ముకున్న చిత్రకారుడు. అజంతా, లేపాక్షి రేఖ ఆయన చేతిలో ఉంది. ఆ రేఖను దేవతల చేతివేళ్ల నుంచి బండ చీలికలోకి మళ్లించడం చిన్న సంగతి కాదు. శకుంతల కంటే ఆ బండలే ఆయన్ను ఆధునికుణ్ని చేశాయంటే ఆయన అభిమానులు కొందరు ఒప్పుకోకపోవచ్చు. అయినా ఆ మాట నిజం.

రెండో దారి సూర్యప్రకాశ్‌ది (1940–2019). ఖమ్మం జిల్లాలో పుట్టి, ఢిల్లీలో రామ్‌కుమార్ దగ్గర మెళకువలు నేర్చుకున్నాడు. మొదట గీసింది పాడైపోయిన వాహనాల తుక్కును. తర్వాత ఎండుటాకులు, ఆ తర్వాత ఏళ్లకు ఏళ్లు నీళ్లు. చెరువు మీద తేలే ఆకులు, నీటిలో కదిలే కొమ్మల నీడలు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఆయన్ను ఆస్థాన చిత్రకారుడిగా పెట్టుకుంది. కంటిచూపు కోసం వచ్చినవాళ్ల మధ్య ఆ చిత్రాలు ఉండటం ఎంతో సముచితం. ఫ్రెంచి చిత్రకారుడు మోనే తామరకొలనులతో ఆయన్ను పోల్చడం పరిపాటి. ఆ పోలిక తప్పు కాదు గాని సగమే. మోనే ఇంటి గోడల నిండా జపాన్ ముద్రాచిత్రాలు ఉండేవి. దిగంత రేఖను తీసేసి నీటిని నిలువుగా నింపే ధైర్యం ఆయనకు వచ్చింది వాటి వల్ల కూడా. అంటే సూర్యప్రకాశ్ పారిస్ నుంచి తీసుకున్న దానిలో తూర్పు కూడా ఉంది.

ఇంట్లో గోడకు అసలు చిత్రం పెట్టుకోలేని మధ్యతరగతికి ప్రకృతి చిత్రం దొరికింది పత్రికల్లో. చందమామ, యువ ముఖచిత్రాల్లో వడ్డాది పాపయ్య (1921–1992) వేసిన కొండలు, వెన్నెల, పొదలు కొన్ని తరాల కళ్లలో ఉన్నాయి. నీటిరంగుల మీద ఆయనకున్న పట్టు అసాధారణం. అయితే ఆయన నేల కూడా నాయిక వెనకే నిలబడింది. తుమ్మపూడి సంజీవదేవ్ (1914–1999) దారి వేరు. హిమాలయాల్లో తిరిగి, కులూలో చిత్రకారుడు రోరిక్ దగ్గర అతిథిగా ఉండి వచ్చి, పాస్టెల్‌తో, నీటిరంగులతో మనుషుల్లేని దృశ్యాలు వేశాడు. రచయితగా వచ్చిన పేరు ఆ చిత్రాలను కప్పేసింది.

ఇక ఇప్పటి సంగతి. తూర్పు హైదరాబాదులో గీయడానికి ఏముంది అని అడిగేవాళ్లు ఆ దిక్కును బస్సు కిటికీలోంచి చూసినవాళ్లే. కుతుబ్ షాహీల నాటి సరూర్‌నగర్ చెరువు ఉంది, వినాయక నిమజ్జనం రాత్రి దాని గట్టు దృశ్యం ఏ చిత్రకారుడికైనా చాలు. హయాత్ బక్షీ బేగం పేరు మోస్తున్న హయాత్‌నగర్ ఉంది. వనస్థలిపురం దగ్గర ఒకప్పటి నిజాం వేటమైదానం ఇప్పుడు మహావీర్ హరిణ వనస్థలి. విజయవాడ హైవే పక్కనే తుమ్మపొదల మధ్య కృష్ణజింకలు మేస్తుంటాయి. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోయింది. దాని రద్దీని ఎవరైనా రంగుల్లో పట్టారో లేదో గాని ఇక పట్టడానికి అది అక్కడ లేదు. బండలదీ అదే కథ. పేల్చి, కంకర కొట్టి, అపార్ట్‌మెంట్ పునాదుల్లో పోస్తున్నారు. 1996లో మొదలైన సొసైటీ టు సేవ్ రాక్స్ మిగిలినవాటి కోసం పోరాడుతూనే ఉంది. చైతన్యపురి గుట్టకు శాసనం వల్లా గుడి వల్లా కొంత రక్ష ఉంది. శాసనమూ దేవుడూ లేని గుండుకు చిత్రకారుడైనా దిక్కు కావాలి.

చిత్రప్రదర్శనలకు పేరున్న చోట్లు మాదాపూర్, బంజారాహిల్స్ వైపే. లలితకళల కళాశాల మాసబ్‌ట్యాంకులో ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌కు వచ్చే పిల్లలు వచ్చేది కోచింగ్‌కు, హాస్టళ్లకు, కంప్యూటర్ కోర్సులకు. వాళ్లలో యానిమేషన్, గ్రాఫిక్స్ నేర్చుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లను తక్కువ చేసి చూడకూడదు. ఈ మధ్యకాలంలో తెలుగువాళ్లు బహుశా అన్నిటికంటే ఎక్కువగా చూసిన ప్రకృతి చిత్రం 2015లో వచ్చిన బాహుబలి సినిమాలోని జలపాతం. అది చాలావరకు కంప్యూటర్ మీద గీసిందే. తెరలు తెరలుగా దూరం, మబ్బుల్లో తేలే శిఖరం, పక్కన చీమంత మనిషి. గువో షీ చెప్పిన మొదటి దూరం అక్కడుంది, హాలీవుడ్ పనిముట్లూ ఉన్నాయి. లేనిది ఒక్కటే, ఫలానా నేల. ఆ కొండ ఏ జిల్లాదీ కాదు. సాఫ్ట్‌వేర్ నేర్చుకునే కుర్రవాడు ముందు ఒక నెల కాగితం, బొగ్గు పట్టుకుని మూసీ ఒడ్డు బండల ముందు కూర్చుంటే ఆ లోటు తీరుతుంది. కళాశాలలు ఈ పనిని పాఠంలో భాగం చేయాలి. బయట కూర్చుని గీయడం విహారయాత్ర నాటి సరదాగా మిగిలిపోకూడదు.

చిత్రకారుల కోసం ఇక్కడ ఎదురుచూస్తున్న పెద్ద పని ఇంకొకటుంది. 2018 సెప్టెంబరు నుంచి అమీర్‌పేట, ఎల్బీనగర్ మధ్య మెట్రో నడుస్తోంది. రెండో అంతస్తు ఎత్తు నుంచి ఊరిని పక్కకు జరుపుతూ చూపించే చూపు దిల్‌సుఖ్‌నగర్ దారికి ఇదే మొదలు. మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్. డాబాల మీద నీళ్ల ట్యాంకులు, హోర్డింగుల వెనకవైపు, సందుల్లోంచి ఒక్క క్షణం కనిపించే గుట్ట, మళ్లీ గోడలు. దీన్ని ఒకచోట నిలబడి చూసే పర్‌స్పెక్టివ్ పట్టలేదు, వాష్ అసలే పట్టలేదు. పొడుగాటి చుట్టపటమే పట్టగలదు. అంబలి, సుద్ద పూసిన గుడ్డను సిద్ధం చేసే చేతులు చేర్యాలలో ఇంకా ఉన్నాయి. బండను గీతతో నిలబెట్టే పద్ధతి శేషగిరిరావు చిత్రాల్లో ఉంది. ఎండ కోసం ఖాళీ వదలడం రామారావు కాగితాల్లో ఉంది. ఇరవై, ముప్పై అడుగుల గుడ్డ మీద, కథ చెప్పేవాడు పక్కన నిలబడి విప్పుతూ పోయేలా, ఈ దారిని గీయడానికి ఒక నకాషీ, ఒక ఫైన్ ఆర్ట్స్ విద్యార్థి కలిసి కూర్చుంటే చాలు. గుడ్డ, రంగులు, ఏడాది జీతం ఇవ్వడానికి ప్రభుత్వ సాంస్కృతిక శాఖకు గాని ఒక విశ్వవిద్యాలయానికి గాని అది పెద్ద ఖర్చు కాదు.